ఇవి తాగినవాడి చేతులు కావు

చిత్తూరు జిల్లా విద్యాశాఖాధికారి గారి సముఖమునకు,
పూతలపట్టు మండలం నల్లగుట్టపల్లె ఉన్నత పాఠశాల తెలుగు పండితుడు కె. రామానుజాచార్యులు సమర్పించుకొను అర్జీ.
సెప్టెంబరు, 2003.

అయ్యా,

విషయం: మద్యం సేవించి తరగతికి వచ్చితినను అభియోగముపై సంజాయిషీ, సస్పెన్షను ఉత్తర్వుకు ముందు తమరు నన్ను స్వయముగా చూడవలెనని ప్రార్థన.

1. తమ మెమో అందినది. నేను ఊహ తెలిసినప్పటి నుండి మద్యం ముట్టలేదు. మా ఇంట ఉల్లిపాయ కూడా ఉడకదు. అయినను తాగుబోతుననుటకు సాక్ష్యం నా ఒంటిమీదనే ఉన్నదని ప్రధానోపాధ్యాయులు నరేంద్ర గారు రాసియున్నారు. ఆ ఒంటి సంగతే మనవి చేసుకొంటున్నాను.

2. మొదట ఎర్రబడినవి అరచేతులు. వేళ్ళ మొదళ్ళ దగ్గర, బొటనవేలి కింద కండ మీద ఎరుపు, నడుమ మాత్రం తెలుపు. "గోరింటాకు పెట్టుకున్నారా ఏమి?" అని నా భార్య పెరుందేవి నవ్వింది. తరువాత ఛాతీ మీద ఎర్రటి చుక్కలు లేచినవి. ఒక్కో చుక్క నుంచి సన్నని నరాలు సాలీడు కాళ్ళలాగా నలువైపులా పాకినవి. వేలితో నొక్కితే మాయమవుతాయి. వేలు తీస్తే నడిమి నుంచి మళ్ళీ నెత్తురు పాకుతుంది. స్నానానికి పోయినప్పుడల్లా నొక్కడం, వదలడం, ఈసారి రాకుండా ఉంటుందేమోనని చూడడం. వచ్చేది.

3. దురద. దద్దు లేదు, పొక్కు లేదు. గోకినచోటల్లా చర్మం నల్లగా కమిలినది. ముఖం నలుపెక్కినది. కళ్ళు పచ్చబడిన సంగతి మొదట చూసినవాడు అటెండరు మునిరామయ్య. "సామీ, కండ్లు అద్దంలో సూసుకున్నారా? పసుపు పూసినట్టుండాయి. ఈడ కాదు, తిరపతికి పోయి సూపించుకోండి" అన్నాడు. ఆనాడే స్టాఫురూములో నరేంద్ర గారు నా చెయ్యి తిప్పి చూసి, "మా చిన్నాయన చేతులు గూడా ఇట్నే ఉండేటివి. సారా తాగి తాగి పోయినాడు. అయ్యవారూ, మీరు గూడానా?" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు, జాలి ఉన్నది.

4. అభియోగంలో పేర్కొన్న రోజున పదో తరగతిలో పద్యం చెబుతున్నాను. ఏళ్ళ తరబడి చెప్పిన పద్యమే. రెండో పాదం దగ్గర మాట దొరకలేదు. బోర్డు మీద రాద్దామంటే సుద్దముక్క చేతిలో నిలవలేదు. మణికట్టు దానంతట అది పడి లేస్తున్నది. అంతవరకే నాకు తెలుసు. ముందు బెంచీలోని పిల్లను మా చెల్లెలి పేరు పెట్టి పిలిచినానట. చెల్లెలు చనిపోయి చాలాకాలమైంది. పిల్లలు నవ్వినారట. నరేంద్ర గారు వచ్చి, "నోరు తియ్యగా వాసన కొడతా ఉండాది. ఏం తాగినారు?" అని అడిగితే "నీళ్ళు" అన్నానట. అయ్యా, ఇవన్నీ ఇతరులు చెప్పగా విన్నవి. నింద కంటే నాకు ఎక్కువ భయం ఇదే. ఆ కాసేపు నా ఒంట్లో ఉన్నది ఎవరు?

తిరుపతిలో డాక్టరు ధరణి గారు కూడా మొదట అడిగినది "ఎన్నేళ్ళ నుంచి తాగుతున్నారు?" అనే. పెరుందేవి ఏడ్చింది. నెత్తురు పరీక్ష చూసినాక డాక్టరు గారు కుర్చీ దగ్గరికి జరుపుకొని, "నేను అట్లా అడగకుండా ఉండాల్సింది. కామెర్ల వైరస్సు మీ రక్తంలో చాలా ఏళ్ళుగా ఉంది. తాగనివాళ్ళకీ కాలేయం ఇట్లే గట్టిపడుతుంది. ఒంటిమీద కనిపించేదంతా లోపలి జబ్బే. రక్తంలోని చెడు శుభ్రం కాక మెదడుకి పోయింది. ఆ మరుపు, చేతుల కుదుపు, నోటి తియ్య వాసన అన్నీ అందుకే" అన్నారు.

"మళ్ళీ వస్తుందా అమ్మా?" అని అడిగినాను.

"రావచ్చు. మందులు మాత్రం ఆపొద్దు."

5. డాక్టరు గారి ధ్రువపత్రం జతపరచినాను. అది చాలదనుకొంటే నన్ను పిలిపించండి. తమ ఎదుట చొక్కా విప్పి చూపుటకు సిగ్గుపడను. నా కూతురు శ్రీవేద అదే బడిలో తొమ్మిదో తరగతి. గేటు దగ్గర పిల్లలు దాని ముందు తూలి నడిచి చూపిస్తున్నారు. అది ఇంటికి వచ్చి, పసుపు తగ్గిందా అని నా కళ్ళలోకి చూస్తుంది. నేను ముఖం తిప్పుకొంటాను. నేను పోతే తాగి పోయినవాడి కూతురనే మాట దానికి మిగలకూడదు.

కావున అభియోగమును రద్దుపరచి, వైద్య సెలవు మంజూరు చేయుటకై నా మొరను దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,

తా.క.: అయ్యా, నేను ఆయన భార్య పెరుందేవిని. సంతకం లేదని అర్జీ తిప్పి పంపకండి. సంతకం పెట్టబోయి, పెన్ను పట్టుకొని, "ఏం పేరు రాయాల?" అని నన్ను అడిగినారు. నరేంద్ర సారుకు కబురు పెట్టినాను. ఆయన వచ్చి, ఈయన చేతులు కొట్టుకుంటుండేది చూసి, పోయి జీపు తెచ్చినారు. "అమ్మా, నేను రాసింది తప్పు. ఆ మాట చిత్తూరికి నేనే పోయి చెప్తాను. ముందు సామిని ఎక్కించండి" అన్నారు. తిరుపతి ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చొని ఇది రాస్తున్నాను. పొద్దున ఈయన కళ్ళు తెరిచినారు. శ్రీవేదను పేరు పెట్టి పిలిచినారు. తర్వాత "వాళ్ళు నమ్మినారా?" అని అడిగినారు. నమ్మినారని చెప్పినాను. నా మాట అబద్ధం చేయకండి.