ఎల్డన్ రమ్మన్న జెల్లల వేట

ఫాలన్
శుక్రవారం మధ్యాహ్నం

కోల్, నాన్నా,

ఎలా ఉన్నావు? రెండో కోత గడ్డి కట్టలు కట్టేశాం. మీ అమ్మ మోకాలు నొప్పి అలాగే ఉంది, డాక్టరు దగ్గరికి వెళ్ళమంటే నామీద విరుచుకుపడుతోంది. ఇవన్నీ ఫోన్లో చెప్పేవే. ఉత్తరం ఎందుకంటే ఫోన్లో చెప్పలేని సంగతి ఒకటుంది. నేను నీళ్ళు నములుతూ మొదలుపెట్టేలోపే మీ జైలు ఫోను 'సమయం అయిపోయింది' అంటుంది. ఈ ఉత్తరం నీకంటే ముందు అక్కడెవరో విప్పి చదువుతారని తెలుసు. చదువుకోనీ.

మీ ఎల్డన్ మామ ఫోన్ చేశాడు.

ఎన్నో ఏళ్ళు కలిసి వేటకి తిరిగినవాళ్ళం, వేడ్ పోయిన ఈ నాలుగేళ్ళలో వాడు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. కిరాణా కొట్లో ఎదురుపడితే నేను పక్క వరుసలోకి తప్పుకునేవాణ్ణి, వాడు ఇంకోవైపు తిరిగిపోయేవాడు. వాడిది తప్పనను. వాడి ఒక్కగానొక్క కొడుకు, నువ్వు తాగి ట్రక్కు తోలుతుంటే నీ పక్క సీట్లో కూర్చుని కాలువలో పడి చచ్చిపోయాడు. ఆ రోజు కాలువ మీద తూములు చూసే లస్కరు డ్యూటీలో ఉన్నది వాడే. మునిగిన ట్రక్కు బయటికి తియ్యాలి, నీళ్ళు తగ్గించమని షెరీఫ్ కబురు పెడితే తూము తిప్పిందీ వాడే, లోపల ఉన్నదెవరో తెలియకుండా. ఇదంతా నీకు గుర్తుచేసి ఏడిపించాలని కాదు. నాకెందుకింత భయంగా ఉందో నీకు అర్థం కావాలని.

ఫోన్లో బాగున్నావా అని కూడా అడగలేదు. "శనాదివారాలు ఖాళీయేనా? శుక్రవారం సాయంత్రమే మడుగుకి పోదాం, జెల్లలు పడుతున్నాయట. మనిద్దరమే," అన్నాడు. పడవ తనే తెస్తానన్నాడు, నన్ను ఎరకి కోడి కార్జం మాత్రం తెమ్మన్నాడు. పాములుంటాయి, పిస్తోలు తన దగ్గర ఉంది, నన్నేమీ తేవద్దన్నాడు. పెట్టేసేముందు ఇంకోసారి, మనిద్దరమే, ఎక్కడికెళ్తున్నామో ఎవరికీ చెప్పకు అన్నాడు. జెల్లలు పడే చోటు ఎవరూ ఎవరికీ చెప్పరు, అది మామూలే. అయినా ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు తిండి సయించడం లేదు.

ఎందుకు పిలిచాడురా వాడు? ఇన్నేళ్ళు లేనిది, నీ విడుదల విచారణ పై వారం గురువారం అనగా ఇప్పుడెందుకు గుర్తొచ్చాను? ఆ రోజు పెరోల్ బోర్డు ముందు, చనిపోయినవాడి తండ్రిగా, మాట్లాడే హక్కు వాడికుంది. వాడు రాకపోతే, వచ్చినా నోరు మెదపకపోతే, నిన్ను వదులుతారని వకీలు చెప్పాడు. వాడు వద్దంటే మాత్రం ఇంకెన్నాళ్ళో దేవుడికే తెలియాలి. కొడుకుని పోగొట్టుకున్నవాడు, పెళ్ళాం లొరెట్టా వదిలి వెళ్ళిపోయినవాడు, ఒంటిగాడు. అలాంటివాడు నన్ను మనిషి అలికిడి లేని జమ్ములోకి తీసుకెళ్తానంటే నేనేమనుకోవాలి?

మీ అమ్మ వెళ్ళొద్దని పట్టుబట్టింది. "నిన్ను ముంచేసి వచ్చి పడవ తిరగబడిందంటాడు. ఎవడడుగుతాడు వాణ్ణి?" అంది. వెళ్ళకపోతే ఆ కోపమంతా గురువారం నీమీద చూపిస్తాడేమో అన్నాను. దాంతో వెళ్ళి గిన్నెలు కడగడం మొదలుపెట్టింది. తర్వాత చేతులు తుడుచుకుని వచ్చి, వెళ్తే మాత్రం ఊరికే రావద్దు, కాళ్ళ మీద పడైనా అడుగు, బిడ్డని ఇంటికి రానివ్వమని అడుగు అంది. ఏమని అడగాలో ఇద్దరం కూర్చుని మాటలు కూర్చుకున్నాం. ట్రక్కు తోలుతూ కూడా అవే వల్లెవేసుకుంటాను.

ఈ ఉత్తరం దారిలో పోస్టు చేస్తాను. నాకేమైనా అయితే పొలం సంగతులు మీ అమ్మకి తెలుసు. నువ్వు ఎవరిమీదా పగ పెట్టుకోకు.

మీ నాన్న,
మెర్ల్


ఫాలన్
ఆదివారం సాయంత్రం

కోల్, నా తండ్రీ,

నేను బతికే ఉన్నాను. ముందది తెలుసుకో. ఎల్డన్ కూడా బతికే ఉన్నాడు. ఈ రెండో మాట రాయడానికి నేనెంత సిగ్గుపడుతున్నానో కింద చదివితే నీకే తెలుస్తుంది.

శుక్రవారం ఎండ వాలుతుండగా పడవ దించాం. వాడు సగమైపోయాడురా. బెల్టుకి కొత్త కన్నాలు పొడుచుకున్నాడు. ఎలా ఉన్నావంటే ఉన్నాను అన్నాడు, అంతే. మనం ఎప్పుడూ ఆగే చోటు దాటించాడు. ఆ తర్వాత నేనెరగని జమ్ము సందులోకి తిప్పాడు. రెండువైపులా మనిషికి రెండింతల జమ్ము, వెనక్కి చూస్తే వచ్చిన దారి మూసుకుపోయినట్టుంది. మధ్యలో ఇంజను ఆపేశాడు. నేను ముందువైపు కూర్చుని ఉన్నాను, నా వెనకాల కత్తి విప్పిన చప్పుడు వినిపించింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. తిరిగి చూసే ధైర్యం లేక కళ్ళు మూసుకుని మీ అమ్మని తలుచుకున్నాను. ఎంతకీ ఏమీ కాకపోతే మెల్లగా తిరిగాను. ఇంజను ఫ్యానుకి చుట్టుకున్న నాచు కోస్తున్నాడు. నా మొహం చూసి, ఒంట్లో బాలేదా అని అడిగాడు.

పాత గట్టు మీద మకాం పెట్టాం. చివర్లకి గంటలు కట్టి గాలం కర్రలు వరసగా గుచ్చాడు. వాటిలో పిడికి ఆకుపచ్చ టేపు చుట్టింది వేడ్‌ది. నేనడగలేదు, వాడు చెప్పలేదు. రెండు మంచి జెల్లలు పడ్డాయి. వాటి ముళ్ళు గుచ్చుకోకుండా ఎలా పట్టాలో నాకు కొత్తగా నేర్పుతున్నట్టు చూపించాడు, తప్పితే మాటల్లేవు. నేను వల్లెవేసుకున్న మాటలు నోటిదాకా రావడం, పిస్తోలు పెట్టె వైపు చూడగానే వెనక్కి పోవడం, ఇదే సరిపోయింది. ఆ రాత్రి నేను కునుకు తియ్యలేదు. వాడూ తియ్యలేదని ఊపిరిని బట్టి తెలిసింది.

తెల్లారి చూద్దుముగదా, నీళ్ళు లేవు. రెండో కోత అయ్యాక రైతులందరూ ఒకేసారి పొలాలకి తడి పెడతారు కదా, నాతో సహా. కాలువంతా పొలాల్లోకి మళ్ళితే మడుగుకి మిగిలేదేముంది? జీవితమంతా లస్కరుగా చేసినవాడికీ, ఆ నీళ్ళకి ముందుగా పేరు రాయించుకున్న నాకూ ఆ సంగతి తట్టలేదు. వాడి మనసు ఎక్కడో ఉంది, నాకు భయంతో బుర్ర పనిచెయ్యలేదు. పడవ బురదలో కూర్చుంది. దూరంగా మధ్యలో కాస్త నీరు, మిగతా అంతా బురద, ఎప్పుడో ఎండిన చోట్ల చౌడు. ఫోన్లకి సిగ్నల్ లేదు. ఎండ అప్పుడే చురచురలాడుతోంది.

అప్పుడు గంట మోగింది. ఆకుపచ్చ టేపు కర్ర ఒక్క ఊపున పీక్కుని చౌడు మీద జారుకుంటూ నీళ్ళవైపు పోయింది. దాని గాలం ఆ మిగిలిన నీళ్ళలోనే ఉంది, పెద్ద జెల్లే అయ్యుంటుంది. ఎల్డన్ దాని వెనక పరిగెత్తాడు. తెల్లగా పొంగిన చౌడు మీద కాలు పెట్టకూడదు, బూడిద రంగులో నెర్రెలిచ్చిన చోటే అడుగెయ్యాలి అని నాకు నేర్పిందే వాడు. నీకూ వేడ్‌కీ చిన్నప్పుడు చెవులు మెలేసి నేర్పిందీ వాడే. అలాంటివాడు తెల్లచౌడు మీదే పరిగెత్తాడు, నేను వద్దని అరిచేలోపే తొడలదాకా దిగిపోయాడు. కర్ర చేతికందబోయి నీళ్ళలోకి పోయింది. దానికోసం ముందుకి వంగి ఇంకా దిగాడు. పెనుగులాడాడు. నడుం దాటింది.

పడవ తాడు నా చేతిలోనే ఉంది, కోల్.

ఆ బురద మనిషిని మొత్తం మింగదు, నీకు తెలుసు. కానీ ఆ ఎండలో, వాడి వయసులో, సాయంత్రందాకా ఉండడు. నేను తాడు పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు నాకు గురువారం గుర్తొచ్చింది. వాడు లేకపోతే బోర్డు ముందు మాట్లాడేవాడు లేడు. నేనేమీ చెయ్యక్కర్లేదు, ఊరికే నిలబడితే చాలు. ఈ ఊహ ఎక్కడినుంచో వచ్చిందని అబద్ధం చెప్పను, నాదే. రెండు రోజులుగా వాడు నన్నేం చేస్తాడోనని బిక్కచచ్చి ఉన్నవాణ్ణి, నన్ను చూసి నాకే భయమేసింది.

వాడు కేకలు వెయ్యలేదు. పెనుగులాట మానేసి నా మొహంలోకి చూశాడు. చూసి, మామూలు గొంతుతోనే, "తొందరేం లేదురా మెర్ల్. ఆలోచించుకో," అన్నాడు.

తాడు విసిరేశాను. జాలిపడి విసిరానని చెప్పుకోను. ఇంకొక్క క్షణం అలా నిలబడితే ఇక ఎప్పటికీ ఇంటికి రాలేనని భయమేసి విసిరాను. పడవలో కూర్చునే చెక్క పీకి చౌడు మీద పరిచి, దానిమీద బోర్లా పడుకుని లాగాను. చాలాసేపు పట్టింది. వాడి బూట్లు లోపలే ఉండిపోయాయి, ఒక కాలు మడమ దగ్గర మెలితిరిగి ఖర్బూజా కాయంత వాచింది. గట్టు మీదికి పాక్కుంటూ వచ్చి ఇద్దరం ఆయాసపడుతూ పడుకున్నాం. వాడు ఏడ్చాడు. కాలు నొప్పికి కాదు, ఆ కర్రకోసం.

నీళ్ళు మళ్ళీ వచ్చేదాకా కదలడానికి లేదు. టార్పాలిన్ కట్టుకుని దాని నీడన కూర్చున్నాం. అప్పుడు నోరు విప్పాడు.

"గురువారం నేను మాట్లాడతాను. కోల్‌ని ఇప్పుడే వదలొద్దని చెప్తాను. ఆ మాట నీ వెనకాల చెప్పబుద్ధి కాక నిన్నిక్కడికి తీసుకొచ్చాను. నిన్నటి నుంచి నోరు పెగల్లేదు."

"మరి పిస్తోలెందుకు?" అన్నాను.

"పాములకిరా. నువ్వేమనుకున్నావు?"

నేను తల దించుకున్నాను. వాడికి అర్థమైంది. అటు తిరిగి కూర్చున్నాడు. నేను చచ్చిపోతే బాగుండుననిపించింది. తర్వాత ఇటు తిరక్కుండానే అన్నాడు:

"నీ భయం సరే, నా భయం నీకు తెలీదు. నువ్వు అడుగుతావేమోనని హడలిపోయాను. లొరెట్టా వదిలి వెళ్ళిపోయింది, వేడ్ లేడు. నాకు మిగిలింది నువ్వే. మావాణ్ణి వదిలెయ్యరా అని నువ్వు నోరు తెరిచి అడిగితే కాదనే శక్తి నాకు లేదు."

విన్నావా నాన్నా? అడిగితే కాదనడట. మీ అమ్మా నేనూ కూర్చుకున్న మాటలన్నీ నోట్లోనే ఉన్నాయి. ఒక్క మాట అంటే మూడో కోతకి నువ్వు ఇంట్లో ఉంటావు. కత్తి చప్పుడు విన్నప్పుడు కూడా నాకంత భయమెయ్యలేదు. అడిగేస్తానేమోనని భయం, అడక్కపోతే నీకేం చెప్పాలని భయం.

అడగలేదురా.

ఎందుకంటే సరిగ్గా చెప్పలేను. అప్పుడే వాణ్ణి బురదలోంచి లాగాను. వెంటనే అడిగితే ఆ తాడుకి కూలి అడిగినట్టుంటుంది. పైగా నేను నిలబడిపోయింది వాడు చూశాడు. నా కొడుకుని వదలమని నేనడిగితే, తన కొడుకుని ఎవరినడగాలి వాడు? నీ విడుదల వాడి నోరు నొక్కి తెస్తే రేపు ఈ ఊళ్ళో వాడు ఎదురైనప్పుడు నువ్వూ నాలాగే పక్క వరుసలోకి తప్పుకుంటావు. ఇవన్నీ అప్పుడే ఆలోచించానని కాదు. ఇప్పుడు రాస్తుంటే తోస్తున్నాయి. అప్పుడు మాత్రం, "నీ ఇష్టం వచ్చింది చెప్పు, నేను వింటాను," అన్నాను. వాడు తలూపాడు. ఇవాళ పొద్దున నీళ్ళొచ్చాయి, వచ్చేశాం.

నీకు కోపం రావాలి. రానీ. మీ అమ్మకి వచ్చింది. జరిగిందంతా చెప్పాను, నిలబడిపోయిన సంగతితో సహా. దానికేమీ అనలేదు. అడగలేదన్నందుకు మాత్రం, నువ్వు తండ్రివేనా అంది. అప్పట్నుంచి నాతో మాట్లాడటం లేదు.

గురువారం సంగతి నీకు ముందే చెప్పాలి, అక్కడ చూసి గాబరాపడతావు. ఎల్డన్ ఆ కాలితో బండి తోలలేడు, వాణ్ణి నా ట్రక్కులోనే తీసుకొస్తున్నాను. ఆ గదిలో కుర్చీలు రెండువైపులా వేస్తారట, మనవాళ్ళు ఒకవైపు, చనిపోయినవాళ్ళ తాలూకు వాళ్ళు ఇంకోవైపు. నీ వైపు మీ అమ్మ ఉంటుంది. వాడి వైపు ఎవరూ లేరు. వాడు నీ గురించి ఆ మాటలు చెప్పేటప్పుడు నేను వాడి పక్క కుర్చీలో కూర్చుంటాను. చెప్పడం అయ్యేదాకా తల దించుకోకు, వాడి మొహంలోకి చూసి విను. నన్ను మీ అమ్మ పక్కన వెతకొద్దు.

మీ నాన్న,
మెర్ల్