ఐదో మేకు

జూన్ 3, మంగళవారం

ఆదివారం మేస్త్రీ వస్తాడట. పెరడంతా సిమెంటు పోస్తాడట. బురదలో కాలు జారుతోంది అంటారు ఈయన. మరి పూలమడి సంగతేమిటి అంటే, ఏ మడి, ఉన్నవి నాలుగు కర్రమేకులేగా అన్నారు. ఆ మేకులు నా కూతురు కొట్టినవి. కోడిగుడ్డు ఆకారంలో పూలమడి చేస్తానమ్మా, ఇక గీత గీయడమే అంది. ఆ వారమే జ్వరం వచ్చింది. మళ్ళీ పెరట్లోకి రాలేదు.

జూన్ 4

పైవాటాలో ఉండే లెక్కల మాస్టారిని అడిగాను, మేకుల్ని బట్టి గుడ్డు గీత ఎలా వెళ్ళాలో చెప్పగలరా అని. ఎందుకు చెప్పలేనక్కయ్యా, దాన్ని ఎలిప్స్ అంటారు అన్నారు. ఒక్కో మేకు ఈ గోడకెంత దూరం, ఆ గోడకెంత దూరం టేపుతో కొలిచి రమ్మన్నారు. ఒకటి ఎక్స్ అట, ఒకటి వై అట. వాటిని వాటితోనే గుణించి, మళ్ళీ ఒకదాంతో ఒకటి గుణించి, బారెడు ఈక్వేషన్ రాశారు. అందులో తెలియనివి ఐదు ఉన్నాయట. మేకుకొక లైను చొప్పున ఐదు మేకులుంటే అన్నీ తేలిపోతాయట. నాకు తెలియనివి ఐదేనా అనుకున్నాను.

నాలుగే ఉన్నాయి మాస్టారూ అన్నాను. అయితే లెక్కలేనన్ని గుడ్లు పడతాయి, మీకేది నచ్చితే అది గీసుకోండి అని నవ్వారు. నా ముఖం చూసి ఆపేశారు.

నాకు నచ్చడమేమిటి? నా కూతురు ఏది అనుకుందో అదే కావాలి.

జూన్ 5

ఐదో మేకూ ఉండేదట, ఈయనే పీకారు! తలుపు కొట్టుకుంటోందని కింద దోపారట. నన్నడగాలని తెలియదా అంటే, మేకుకి కూడా పర్మిషనా అన్నారు. ఎక్కడ పీకారంటే ఇక్కడెక్కడో అని చేత్తో పెరడంతా చూపించారు. అన్నం పెట్టి, లేచి వచ్చేశాను.

జూన్ 6, ఉదయం

దొరికింది. చెంబుతో నీళ్ళు పోసుకుంటూ పోయాను. ఒకచోట గుటకేసినట్టు లోపలికి దిగిపోయాయి. తలుపు కింది మేకు తెచ్చి పెడితే సరిగ్గా కూర్చుంది.

జూన్ 6, సాయంత్రం

మాస్టారు లెక్క రెండుసార్లు చేశారు. ఇది గుడ్డు కాదక్కయ్యా అన్నారు. ఐదోది మిగతా నాలుగింటి లోపలికి వచ్చేసిందట. ఐదింటినీ కలిపే గీత చుట్టి రాదట, రెండు ముక్కలై చెరోవైపు పోతుందట. ఎక్కడిదాకా అన్నాను. అలా పోతూనే ఉంటుంది అన్నారు.

ఆయనే దిగి వచ్చి కొలిచారు. నా కొలత తప్పు కాదు. కొంచెం ఇవతలికి జరిపితే చక్కటి గుడ్డు వస్తుంది, జరపనా అన్నారు. వద్దన్నాను. అది అక్కడే కొట్టింది. ఎందుకు కొట్టింది? గుడ్డు అనే కదా అంది. మధ్యలో ఏ మొక్కకైనా గుర్తు పెట్టుకుందేమో అంటారు మాస్టారు. అలా అయితే మళ్ళీ నాలుగే. ఆయనకేం తెలుసు. తల్లిని, నాకు తెలియాలి. నాకేం తెలుసు.

జూన్ 7

సున్నంతో ఒక గుడ్డు గీశాను. చెరిపేశాను. ఇంకోటి గీశాను. అన్నీ బాగానే ఉన్నాయి. అదే బాధ.

జూన్ 8

మేస్త్రీ వచ్చాడు. ఎక్కడిదాకా పోయాలో గీత చూపించమ్మా అన్నాడు. చూపించలేకపోయాను. వెళ్ళి మట్టిలో కూర్చున్నాను. నాకు తగలకుండా పోసుకో అన్నాను.

ఈయన చెప్పులు విడిచి వచ్చి, నాకు కొంచెం ఎడంగా తనూ కూర్చున్నారు.