ముందు నువ్వు చదువు మా

పెనుకొండ దగ్గర, మన ఇంటి నుంచి,
ఆదివారం సాయంత్రం.

అమ్మకు,

నీ కూతురు హేమలత వందనాలు. దేవుని దయవల్ల ఇక్కడ ఐదుగురమూ ఆరోగ్యంగా ఉన్నాం. నీ మోకాలి సంగతి నువ్వు రాయలేదు, కాబట్టి నొప్పి తగ్గలేదనే అనుకుంటున్నాను.

మూడు రోజులుగా ముసురు పట్టింది. పెద్ద వాన కాదు, ఆకు తడిసేంత వాన. తడి ఆకు పట్టుపురుగులకు వేయకూడదు. కోసిన మల్బరీ కొమ్మలన్నీ వసారాలో ఆరేసి, ఆరినవి ఆరినట్టు వేశాం. వసారా నిండా కొమ్మలుండడంతో పిల్లలు వంటింట్లో కూర్చుని చదువుకున్నారు. ఈ పొద్దున పురుగులు నాలుగో జ్వరానికి పోయాయి. ఈ జ్వరం రోగం కాదని నీకు ఇన్నేళ్ళకు అలవాటైంది. చర్మం విడిచే ముందు పురుగు తల పైకెత్తి, మేత మానేసి, ఒకటిన్నర రోజు కదలకుండా ఉంటుంది. చర్చి నుంచి రాగానే నేనూ నీ అల్లుడూ అరలన్నిటి మీద సున్నం పొడి చల్లాం. ఇక రేపు సాయంత్రం దాకా షెడ్డులో మేత పని లేదు. అందుకే ఈ ఉత్తరం పెట్టుకు కూర్చున్నాను.

ఇవి ఫోన్‌లో చెప్పే మాటలు కావు. చెప్పినా నీకు వినపడదు. పోయిన నెల నేను నీతో ఫోన్‌లో అరిచిన అరుపులకు షెడ్డులో పురుగులన్నీ తలలెత్తాయని దావీదు ఇప్పటికీ ఎగతాళి చేస్తున్నాడు.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు రాస్తాను.

గ్రేస్‌కు పద్నాలుగు నిండాయి. ఓపెన్ స్కూల్లో పదో తరగతికి వచ్చే ఏడాది కట్టిస్తాం. లెక్కలు తనంతట తానే చేసుకుంటోంది. సైన్సు నా వల్ల కావడం లేదు. ఇంటర్‌తో ఆపేసిన మనిషిని, ఎంతని చెప్పను? పాస్టరయ్య చెల్లెలు హిందూపురంలో కాలేజీలో పాఠాలు చెబుతుంది. పట్టుగూళ్ళు అమ్మడానికి మార్కెట్‌కు పోయినప్పుడల్లా నీ అల్లుడు గ్రేస్‌ను ఆమె ఇంట్లో దింపి, తిరిగి వచ్చేటప్పుడు తీసుకొస్తున్నాడు. గ్రేస్‌కు ఆమె నచ్చింది. ఆమె ఇంట్లో చేసే ఉప్మా ఇంకా నచ్చింది.

దావీదు దగ్గు తగ్గింది. పదకొండేళ్ళకు ఉండాల్సిన తిక్క అంతా ఉంది. ప్రతి శనివారం పిల్లలు ముగ్గురూ నీకు ఉత్తరం రాయడమే మా తెలుగు పాఠం కదా. నువ్వు ఎర్ర సిరాతో దిద్ది తిప్పి పంపిన తన ఉత్తరం చూసుకుని, “అవ్వ దీన్ని రక్తం కారేట్టు కొట్టిండాది మా” అన్నాడు. అన్నా, తప్పులన్నీ కూర్చుని తిరిగి రాశాడు.

చదువులు ఏ వేళకు సాగుతున్నాయని అడిగావు. పురుగుల వేళకే. వాటికి ఆకలి ఎక్కువగా ఉన్న రోజుల్లో పొద్దున ఒక గంట, మధ్యాహ్నం ఒక గంట. జ్వరం రోజుల్లో రోజంతా. పక్కింటి ఈరక్క మొన్న గోడ మీద నుంచి చూసి, “పురుగులకు జ్వరమొస్తే మీ పిల్లోళ్ళకు బడి, పురుగులకు ఆకలైతే మీ పిల్లోళ్ళకు సెలవు. బాగుండాది హేమా మీ స్కూలు! నన్ను గూడా చేర్చుకో” అంది. “నీకు ఫీజు ఎక్కువక్కా, నువ్వు మాట్లాడతానే ఉంటావు” అన్నాను. నవ్వుకుంటూ పోయింది.

ఇక మిగిలింది మా చిన్నవాడు ఆశీర్వాదం గురించి నువ్వు అడిగింది. దాన్ని చివరికి పెట్టుకున్నాను. “ఆశికి విడిగా రాసి పెట్టిన కాగితం వాడే చదివాడా, ఎవరైనా చదివి వినిపించారా?” అని అడిగావు.

నేనే చదివి వినిపించాను. వాడికి చదవడం రాదమ్మా.

ఎనిమిదేళ్ళ పిల్లవాడు, పుట్టినప్పటి నుంచి చదువుల మధ్యే పెరిగినవాడు, చదవడం రాకపోవడం ఏమిటని అనుకుంటావు. నాకూ పక్షం రోజుల క్రితమే తెలిసింది. జూన్‌లో రామాంజినేయులు సారు వచ్చిన సంగతి రాశాను, గుర్తుంది కదా. బడికి రాని పిల్లల పేర్లు రాసుకోవడానికి ఏటా వచ్చే సారే.

“ఏమమ్మా, ఈసారన్నా పంపిస్తారా పిల్లోళ్ళను?” అన్నాడు.

“ఈడ్నే చదువుతాండారు సార్.”

“చదువుతాండారో, ఆకు కోస్తాండారో ఎవురికి తెలుసు?” అని తన సంచిలోంచి మూడో తరగతి వాచకం తీసి ఆశి చేతిలో పెట్టాడు. “ఏదన్నా ఒక పేజీ చదువప్పా.”

ఆశి పేజీలు తిప్పి బొమ్మ చూసి ఒక పాఠం తీశాడు. వేలు పెట్టుకుని, యాడా ఆగకుండా చదివాడు. సారు కళ్ళద్దాలు తీసి, “మా బడిలో అయిదో తరగతోళ్ళు గూడా ఇంత బాగా చదవరు” అని టీ తాగి వెళ్ళాడు. ఆ వారం మాంసం తెచ్చుకుని వండుకున్నాం. ఆ సంగతంతా నీకు గొప్పగా రాశాను. నువ్వు జవాబులో దాని గురించి ఒక్క ముక్క రాయలేదు. క్రిస్మస్ నాటి కోపం తగ్గలేదేమో అనుకున్నాను.

నీ కాగితం వచ్చిన రోజు కొత్త పురుగులు ఇంకా రాలేదు. షెడ్డు కడుగుతున్నాం. గ్రేస్, దావీదు వాళ్ళ నాయనతో తోటకు పోయారు. ఆశి కాలికి ముల్లు గుచ్చుకుని ఇంట్లో ఉన్నాడు. పోస్టాయన ఉత్తరం ఇచ్చాడు. నా చేతులు బ్లీచింగ్ నీళ్ళలో ఉన్నాయి. “నీ పేరుతో అవ్వ వేరేగా పంపిండాది. చదువు, వింటా” అన్నాను.

వాడు కాగితం అటూ ఇటూ తిప్పాడు. “ముందు నువ్వు చదువు మా. తర్వాత నేను చదువుతా” అన్నాడు.

“నా చేతులు తడి గదా.”

“అయితే అక్కను రానీ.”

“అక్క ఎందుకు? నీకు రాసిందే గదా.”

వాడు కాగితం ఎత్తి పట్టుకుని చదివాడు. “ఆశీర్వాదానికి అవ్వ ముద్దులు. నేను ఇక్కడ బాగున్నాను. నువ్వు బాగా చదువుకో. అమ్మ మాట విను. అన్నతో కొట్లాడవద్దు. దేవుడు నిన్ను దీవించు గాక.” వేలు ఎడమ నుంచి కుడికి సరిగ్గా జరుగుతూనే ఉంది.

మంచి ఉత్తరమే అనుకున్నాను. చేతులు తుడుచుకుని, ముచ్చటగా ఇంకోసారి చూద్దామని తీసుకున్నాను. అందులో అవేవీ లేవు. మన పిల్లి కుట్టుమిషను పెట్టెలో మూడు పిల్లల్ని పెట్టిందనీ, ఒకదానికి తోక సగమే ఉందనీ, పేర్లు పెట్టే పని వాడిదేననీ రాశావు. చదివాను. వాడు నా మొహం చూశాడు.

“అట్లుండాదా దాంట్లో?”

“ఉండాది.”

“యాడ? చూపించు.”

పిల్లి అన్న మాట మీద వాడి వేలు పెట్టాను. చాలాసేపు వేలు తీయలేదు. నేను మళ్ళీ షెడ్డు కడగడానికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి కూడా కాగితం ముందు పెట్టుకునే కూర్చున్నాడు. తనకు ముందే తెలియని సంగతి కాగితంలో ఉంటుందని వాడికి ఆ రోజే తెలిసిందనుకుంటాను.

ఆలోచిస్తే అర్థమైంది. మా ఇంట్లో ముగ్గురికీ ఒకటే చాప. గ్రేస్ చదివింది దావీదు వింటాడు, ఇద్దరు చదివిందీ ఆశి వింటాడు. మూడో తరగతి వాచకం దావీదు ఒక ఏడాదంతా వాడి పక్కన కూర్చుని గట్టిగా చదివిందే. పెనుకొండ కోట కట్టిన రాజుల పేర్లు, పదిహేనో ఎక్కం, చర్చిలో చదివే కీర్తనలు, అన్నీ చెవిలోంచి పోయినవే. నీకు రాసే శనివారం ఉత్తరాలు కూడా వాడు చెబితే గ్రేస్ రాసేది. దాన్ని చూసి వాడు బొమ్మ వేసినట్టు దించేవాడు. అక్షరం గుండ్రంగా ఉందని నువ్వు మెచ్చుకున్నావు. దించేవాడి అక్షరం గుండ్రంగానే ఉంటుంది.

అడిగితే గ్రేస్ మొహం చిన్నబుచ్చుకుంది. “వాడు అడిగితే చెప్పేస్తాంటి మా. నువ్వే చూసి చెప్పురా అనాల్సిండె. నాకు తోచలేదు” అంది. దాన్ని ఏమీ అనలేదు. నాకు తోచని సంగతి దానికెలా తోస్తుంది?

మర్నాటి నుంచి ఆశిని విడిగా కూర్చోబెట్టి చెప్పాను. అక్షరాలు అన్నీ గుర్తుపడతాడు. గుణింతం పాటలా అప్పజెబుతాడు. కానీ నేను ఒక వాక్యం చదివితే చాలు, అది చెవికి పట్టేస్తుంది, కళ్ళు కాగితం వదిలేస్తాయి. చదవకుండా ఊరుకుంటే పక్క గదిలో దావీదు చదువుతున్న పాఠం పట్టుకుంటాడు.

“బడికేద్దామా?” అన్నాడు నీ అల్లుడు.

“ఆడ అంతమందిలో ఇంకా బాగా దాక్కుంటాడప్పా.”

“మరేం చేద్దాం? నోర్లు లేని ఇల్లు యాడుండాది మనకు?” అని తమాషాకు అన్నాడు. అని, నా వైపు చూశాడు. నేనూ అదే అనుకున్నాను. నీ ఇల్లు.

నీ గుమ్మం పక్కన మేకుకు వేలాడే పలక గుర్తొచ్చింది. నీకు ఏం చెప్పాలన్నా దాని మీదే రాయాలి. పాలాయన కూడా రేపు రానని రాసే పోతాడు. అక్కడ వాడి చెవి పనికిరాదు.

ఆశిని నీ దగ్గరికి పంపుతున్నాను. నాదొక్కటే మనవి. వాడితో నోటితో మాట్లాడవద్దు. నువ్వు కూడా పలక మీద రాసే చెప్పు. స్నానానికి లెమ్మనడం, అన్నానికి రమ్మనడం, అన్నీ. ముప్పై ఏళ్ళు ఒకటో తరగతికి అరిచిన గొంతు, మూసుకోమంటే కష్టమే. వీధిలో మాట్లాడుకో, ప్రార్థనలో మాట్లాడుకో. ఇంట్లో వాడికి మాత్రం రాయి. పిల్లి పిల్లల పేర్లు కూడా రాసి చూపిస్తేనే ఒప్పుకో.

పోయిన క్రిస్మస్‌కు నువ్వు అన్న మాట మీద నేను కంచం ముందు నుంచి లేచి బస్సెక్కి వచ్చేశాను. పెద్ద పిల్లల మధ్య చిన్నవాణ్ణి పడేస్తే వాళ్ళ నోళ్ళతోనే గడిపేస్తాడు అన్నావు. ఆ మాట నిజమైంది. ఇంట్లో చదువు చెప్పడమే తప్పన్న మాట మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. గ్రేస్‌ను చూడు, దావీదును చూడు. ఆశి విషయంలో నాది తప్పు, నీది ఒప్పు. మిగతాది నువ్వు పలక మీద రాయి, నేను వచ్చి చదువుకుంటాను.

ఈ పొద్దున చర్చిలో పాస్టరయ్య ఎప్పటిలాగే వాక్యం చదవమని వాణ్ణి పిలిచాడు. వాడు నా వైపు చూశాడు. నేను లేచి, “అయ్యా, వాడు చదవడం ఇంకా నేర్చుకుంటాండాడు. చూడకుండా చెప్తాడు, వినండి” అన్నాను. రామాంజినేయులు సారు సంగతి తెలిసినవాళ్ళు కొందరు వెనక్కి తిరిగి చూశారు. వాడు చేతులు వెనక్కి కట్టుకుని మొత్తం చెప్పాడు. దిగి వచ్చి నా పక్కన కూర్చుని, “ఇంగ వేలు పెట్టుకునే పని లేదు గదా మా?” అన్నాడు. లేదన్నాను.

వాడి సంగతులు రెండు. పాలలో మీగడ కనిపిస్తే తాగడు. ప్రార్థన పొడుగ్గా చేస్తాడు, అన్నం చల్లారిపోతుంది, అయినా మధ్యలో ఆపవద్దు. అన్నా అక్కా లేకుండా వాడు ఎప్పుడూ పడుకోలేదు. మొదటి రెండు రోజులు ఏడిస్తే ఏడవనీ. రాగిపిండి, వేరుశనక్కాయలు, నీ మోకాలికి నూనె సంచిలో పెట్టాను. ఈ పంట గూళ్ళు హిందూపురంలో అమ్మిన తర్వాత నీ అల్లుడు ధర్మవరం వచ్చి చూస్తాడు. చదివితే వెంట తీసుకొస్తాడు. చదవకపోతే ఇంకో పంట దాకా ఉంచుకో.

ఇది రాస్తుండగానే ఆశి వచ్చి నా భుజం మీద గడ్డం పెట్టి నిలబడ్డాడు.

“నా గురించేనా?”

“నీ గురించే.”

“ఏం రాసినావు?”

కాగితాలు వాడి వైపు జరిపాను. వాడు వంగి, పేజీలన్నీ పైనుంచి కిందకి వెతికి, ఒకచోట వేలు పెట్టి, “ఇది పిల్లి” అన్నాడు. అది పిల్లే.

“మిగిలింది?”

“మిగిలింది అవ్వ ఇంట్లో చదువుకో” అన్నాను.

ఉత్తరం వాడి చొక్కా జేబులోనే పంపుతున్నాను.

ఇట్లు,
నీ కూతురు
హేమ

సోమవారం పొద్దున రాస్తున్నాను. వాన లేదు. ఆరు గంటల బస్సుకు ఆశి, వాళ్ళ నాయన బయలుదేరుతున్నారు.