పాచి గీకిన రాయి

అల్ వర్సాన్, దుబాయ్

అక్కకి,

తమ్ముడు సూరిబాబు నమస్కారాలు. ఒంట్లో బాగానే ఉంది, అదొక్కటీ నిజం. నువ్వు, పిల్లలు కులాసాయేనా? బావ మోకాలు ఎలా ఉంది? నర్సరీలో కుండీలు మోయొద్దని చెప్పు, వినే మనిషి కాదుగానీ.

ఇక్కడ ఎండలు ముదిరాయి. తెల్లవారుతూనే బస్సెక్కి తోటకి పోతాం. ఫోన్లో చెప్పాను కదా, మా ముదీర్, అదే మా మేనేజరు, జపాన్లో ఏదో పాతకాలపు తోట చూసొచ్చి, ఇక్కడ అలాంటిదే పెట్టించాడని. రాళ్లు, తెల్ల ఇసుక, చిన్న జలపాతం. పువ్వే లేదు. మన కడియం వాళ్లకి అదేం తోటో అర్థం కాదు.

దాన్ని నాలుగేళ్లుగా చూసుకున్నది నెల్లూరు మస్తాన్ భాయ్. నాకు పని నేర్పింది, కూర వండిపెట్టింది ఆయనే. పోయిన నెల ఆయన జ్వరంతో క్యాంపులో పడుకున్నాడు. ఆయన లేచి వచ్చేసరికి తోట మెరిసిపోవాలని, జలపాతం పక్కనున్న పెద్ద రాయిని వైరు బ్రష్షుతో తోమేశాను, దసరాకి మన నీళ్లతొట్టి తోమినట్టే. రాయి నల్లగా నిగనిగలాడింది. నా పనికి నేనే మురిసిపోయాను.

మూడో రోజు మస్తాన్ భాయ్ వచ్చి ఆ రాయి దగ్గర కూలబడిపోయాడు. నీడకి పందిరి కట్టి, గంటగంటకీ నీళ్లు చిలకరించి నాలుగేళ్లు పెంచిన పాచి అట అది. ఈ ఎండల్లో, అక్కా! ఆ నీళ్లు రాయి చల్లబడ్డానికే అనుకున్నాను నేను. ఇంతలో ముదీర్ వచ్చి ఎవరు చేశారని అరిచాడు. నేను మస్తాన్ భాయ్ వెనక్కి జరిగాను.

"మైనే కియా" అన్నాడు మస్తాన్ భాయ్, తానే చేశానని.

"ఖలాస్" అన్నాడు ముదీర్. వారంలో వీసా రద్దు చేసి పంపేశారు.

నిజం చెప్పేస్తానంటే మస్తాన్ భాయ్ ఒప్పుకోలేదు. "నోరు మూసుకో అబ్బయ్యా. నువ్వొచ్చి మూణ్ణెల్లే గదా. నేనెట్టాగూ ఈ ఏడు పోదామనే అనుకుంటుండా" అన్నాడు. అబద్ధం. ఇంకో రెండేళ్లు ఉండాలని నాతోనే అన్నాడు. అయినా నేను ముదీర్ దగ్గరికి పోలేదు. భయపడ్డాను.

పోతూ పోతూ తన పెట్టెలోంచి నాలుగు ఫోటోలు తీసి నాకిచ్చాడు. ఆ జపాన్ తోటవే, ఒకే చోటు, నాలుగు కాలాల్లో. పూలతో ఒకటి, ఎర్రబడ్డ ఆకులతో ఒకటి, మంచుతో ఒకటి. వానాకాలం ఫోటోలో రాయంతా పచ్చటి పాచి. తోమే ముందు ఒక్క మాట అడిగుంటే చూపించేవాడు.

ఇప్పుడు ఆయన పని నాకిచ్చారు. గంటగంటకీ నీళ్లు చిలకరిస్తున్నాను. ఏమీ మొలవడం లేదు.

నా గురించి బెంగపడకు, తిండికి లోటు లేదు. బావకి మాత్రం ఇదంతా చదివి వినిపించకు. మస్తాన్ భాయ్‌కి ఉత్తరం రాశాను, జవాబు లేదు. ఆయన అడ్రసు వేరే కాగితం మీద పెట్టాను. నువ్వొకటి రాసి చూడు.

పెద్దమ్మకి దండాలు, పిల్లలకి ముద్దులు. నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు, తిట్టాక దీవించు. ఇంకొక్క మాట. ఈ దసరాకి మన తొట్టి తోమించకు. ఆ పాచిని అలాగే ఉండనీ.

నీ తమ్ముడు
సూరిబాబు