కోడి అని రాసిన డబ్బా

జయా,

ఎలా ఉన్నావ్... అని అలవాటు కొద్దీ అడిగేశాను. నువ్వు పోయి ఇవాళ్టికి మూడు నెలల పదకొండు రోజులు.

ముందుగా ఒక ప్రకటన. ఇందుమూలముగా ఈ ఇంటి సమస్త జనులకు, అనగా నాకును, గోడమీది బల్లికిని తెలియజేయడమేమనగా, వంటింటి ఫ్రిజ్జు పై అర తలుపును ఎవరును ఊరకే తెరవరాదు. ఐసుముక్క కోసము తెరవరాదు. మొహమునకు చల్లగాలి తగులుటకు అసలే తెరవరాదు. కరెంటు పోయిన వేళ ఆ తలుపు వంక చూడను కూడా రాదు. మీరిన వారికి మూడు పూటలు నా చేతి రసము పోయబడును. ఇట్లు, ఫ్రీజరు కావలివాడు, అయిదో క్లాసు పాసు, ఆరో క్లాసు పరారీ.

నవ్వావా? నీకు నవ్వు రాకపోయినా బల్లికి వచ్చింది. అది చాలు.

ఇంత కాపలా దేనికంటే... ఆ అరలో ఒకే ఒక్క డబ్బా. ఐస్‌క్రీము కొన్నప్పటి తెల్ల డబ్బా. మూతమీద కాగితం అంటించి నువ్వు రాసిన మాట, కోడి. కింద చిన్నగా నెల పేరు. నువ్వు ఆస్పత్రిలో చేరిన నెలే.

మన ఇళ్ళలో మాట తెలుగు, బడి అరవం. నాకు మా తాత పలకమీద దిద్దించాడు కాబట్టి ఈ మాత్రం గీకుతున్నాను. నీకు ఆ భాగ్యం లేదు. తెలుగు మాటని అరవ అక్షరాల్లో రాసుకునేదానివి. ఆ అక్షరాల్లో ప, బ రెండూ ఒకటే కదా... బెల్లం పాకం డబ్బామీద నువ్వు రాసింది నేను పెళ్ళాం అని చదివేవాణ్ణి. పెళ్ళాన్ని ఫ్రీజర్లో పెట్టి మూతేస్తే ఊపిరాడొద్దా అని వచ్చిన చుట్టాలందరి ముందూ అడిగేవాణ్ణి. నువ్వు గరిటె ఎత్తేదానివి.

“నీ నోట్లో ఆ ఐసుగడ్డ పెట్టి కుట్టేయాల బావా. ఇంత వయసొచ్చినా సిగ్గు రాలేదే నీకు.”

ఆ ఎగతాళి ఇప్పుడు తలుచుకుంటే నాలుక చేదెక్కుతోంది. ఎందుకో నీకు తెలుసు. మన పిల్ల కవిత అత్తగారి ఊరు బోడి నుంచి రావాలి. నాలుగో నెల కడుపుతో ఉంది, బస్సు వద్దు, కారులో మెల్లగా రమ్మన్నారు. అది వచ్చేదాకా నిన్ను హాల్లో అద్దాల పెట్టెలో ఉంచాం. దాని పేరు కూడా ఫ్రీజర్ బాక్సే. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా అది గుర్రుమంటూనే ఉంది. లోపల నీ ముక్కుపుడక చుట్టూ సన్నగా మంచు... ఊపిరాడొద్దా అని ఆ రోజు ఎవరిని అడగను?

ఆ మోత నాకు చెవిలో ఉండిపోయింది. వంటింట్లో ఫ్రిజ్జు మోగినా హాల్లోకి తొంగి చూస్తాను. మోగడం ఆగినా చూస్తాను.

కవిత వచ్చింది. అద్దంమీద రెండు చేతులూ పెట్టి అడిగిన మొదటి మాట, అమ్మ చివర్లో నా గురించి ఏమన్నా అనిందా అని. అప్పుడు చెప్పాను నువ్వన్న మాట.

“ఫ్రీజర్లో కోడి ఉండాది బావా. పిల్ల వస్తే పెట్టు. అవసరపడి మాడ్చేయొద్దు.”

అవసరపడి అన్న చోట దాని ఏడుపు ఒక్క క్షణం ఆగింది. అచ్చం నీ మాటే కదా! తొందరపడొద్దు అని తెలుగులో ఎవరైనా అంటారు, అరవ మాట పట్టుకొచ్చి తెలుగుకి కుట్టేసేది నువ్వే. పిల్ల నవ్వింది జయా. నీ పెట్టె పక్కన నిలబడి నవ్వింది.

చావింట్లో నీచు వండరు. పదహారో రోజున ఇల్లు కడిగేటప్పుడు పక్కింటి సెల్వియక్క సాయానికొచ్చి ఫ్రీజరు తెరిచింది. పాత తిండి ఇంట్లో ఉండకూడదని చింతపండు గుజ్జు, కొబ్బరి తురుము, బెల్లం పాకం, అన్నీ ఒక్కొక్కటిగా తీసి బకెట్లో పడేసింది. నేను వెనకాల నిలబడి ఉన్నాను. చివరికి ఈ తెల్ల డబ్బా తీసింది. మూతమీద మాట కూడబలుక్కుంది. కోడి... అంతే, డబ్బా అక్కడే పెట్టేసి రెండు చెంపలూ వాయించుకుంది.

ఆమె అరవావిడ. ఆమె భాషలో కోడి అంటే మన కోడి కాదు. చావింటికి పుట్టింటివాళ్ళు తెచ్చే కొత్తబట్ట. నీకు కప్పిన బట్టని నేను మడిచి ఐసులో దాచుకున్నాననుకుంది పాపం! ఇంకొకరయితే కాదక్కా, ఇది కోడికూర అని చెప్పేవారు. నేను తల దించుకుని, అవునక్కా, ముట్టుకోవద్దు అన్నాను. ఆమె ఇప్పటికీ మన వంటింటి గడప దాటదు. కాఫీ కిటికీలోంచి అందిస్తుంది.

మిగతావన్నీ పోయినా ఆ ఒక్క డబ్బా అలా మిగిలింది. నీ చేతివంటలో ఈ భూమ్మీద మిగిలింది అదొక్కటే.

కవితకి అప్పుడు నీచు వాసనకే వాంతులు. దాచిపెట్టు నాయనా, ఏడో నెల గాజులు తొడిగేటప్పటికి వస్తాను, అప్పుడు తింటాను అని బోడికి పోయింది. వారానికి రెండుసార్లు ఫోను. నేనెలా ఉన్నానని కాదు, డబ్బా ఉండాదా అని. అక్కడ అది సరిగ్గా తినడం లేదట, బిడ్డ బరువు చాలలేదని డాక్టరమ్మ కోప్పడిందట, అల్లుడు చెప్పాడు. అమ్మ కోడి ఉండాది కదా, అది తిని మొదలుపెడతాను అంటుందట. వింటున్నావా? నీ మనవడో మనవరాలో ఒక ఐస్‌క్రీము డబ్బామీద ఆధారపడి ఉన్నారు.

నాకు భయం పట్టుకుంది. పోయిన నెల పొద్దున్నించి సాయంత్రం దాకా కరెంటు లేదు. ఫ్రిజ్జుకి రెండు దుప్పట్లు చుట్టి, దానికే ఆనుకుని కూర్చున్నాను. లోపల కరిగి మళ్ళీ గడ్డకడితే ఆ కూర విషమవుతుందని నువ్వే చెప్పేదానివి. “కరిగింది మళ్ళీ గట్టి చేయొద్దు బావా, దానికీ ప్రాణముండాది.” అందుకని గ్లాసుడు నీళ్ళు ముందే గడ్డకట్టించి, మీద రూపాయి బిళ్ళ పెట్టి డబ్బా పక్కన ఉంచాను. ఐసు కరిగి ఉంటే బిళ్ళ మునగాలి. కరెంటు వచ్చాక చూశాను, బిళ్ళ పైనే ఉంది. ఎంత తెలివో చూశావా? చూసే ఉంటావు.

ఇక కరిగించడం. ఆ మైక్రోవేవు నీది. నాకు దానితో ఉన్న సంబంధమల్లా, చెంచాతో గ్లాసుమీద టింగ్ అని కొట్టి నిన్ను పెరట్లోంచి పరిగెత్తించడమే. నువ్వొచ్చి తలుపు తీసి, ఖాళీ పెట్టె చూసి... “మళ్ళీ నువ్వేనా? నేను పోయినంక ఎవరిని పరిగెత్తిస్తావో సూస్తా.” సూస్తున్నావా?

ఉన్నది ఒక్క డబ్బా, చేతకాని చేతులు రెండు. కాబట్టి ముందు నా పాడుపప్పు గడ్డకట్టించి దానిమీద నేర్చుకున్నాను. మొదటి రోజు ఫుల్లుగా పెట్టి ఆరు నిమిషాలు వదిలేశాను. చుట్టూ పప్పు తుకతుక ఉడికి గోడలన్నీ చిందింది, నడిమధ్యలో మాత్రం నిమ్మకాయంత ఐసుగడ్డ. చెంచా దిగలేదు. అంచుల్లో మాడిపోయింది, నడుమ గడ్డ గడ్డలాగే ఉంది.

అప్పుడు వెలిగింది. నేను మోటార్లకి కాయిలు చుట్టేవాణ్ణి కదా. వార్నిషు పోశాక ఒక్కసారిగా వేడి పెడితే పైన పెంకు కట్టేస్తుంది, లోపల పచ్చిగా ఉండిపోతుంది. ఆ మోటారు ఎప్పటికైనా కాలుతుంది. సన్నవేడి, మధ్యమధ్య చల్లార్పు, అదే వార్నిషు కిటుకు. ముప్పై ఏళ్ళు అదే పని చేసిన వాడికి పప్పు దగ్గర బుద్ధి రాలేదు! నువ్వయితే ఏమనేదానివో... “కరెంటు మిషనుకి చూపించే పొరుమ కొంచెం తిండికి కూడా చూపించు.” పొరుమ, అంటే ఓర్పు. అది నాకెప్పుడుంది?

నాలుగుసార్లు పప్పు తగలేశాక చెయ్యి కుదిరింది. నిన్న కవిత వచ్చింది. ఇవాళ పొద్దున గాజులు తొడిగారు. మధ్యాహ్నం నేను తలుపు మూసుకుని పని మొదలుపెట్టాను.

డబ్బాతో పాటే లోపల పెడితే ప్లాస్టిక్కు మెత్తబడి కూరలో దిగుతుంది. కుళాయి కింద డబ్బా అడుగు తిప్పితే గడ్డ జారి వచ్చింది. స్టీలు గిన్నె పెడితే నిప్పురవ్వలు, అందుకని నీ గాజుగిన్నె. షాపు నుంచి తెచ్చి పెట్టుకున్న రాగితీగ కాటామీద తూచాను, బరువెంతో మైక్రోవేవు అడుగుతుంది కదా. డీఫ్రాస్టు నొక్కాను. మూత బిగించకుండా ఊరికే ఆనించాను. రెండు నిమిషాలకోసారి ఆపి, గడ్డ తిరగేసి, కరిగిన పులుసు వేరే గిన్నెలోకి వంచాను. లేకపోతే కరిగిందే మళ్ళీ మళ్ళీ ఉడికి, గడ్డ గడ్డగానే ఉంటుంది. కాస్త మెత్తబడగానే గరిటెతో విడదీసి, పెద్ద ముక్కలు అంచులకి, చిన్నవి నడుమకి సర్దాను. తరవాత పెట్టె ఆపి అయిదు నిమిషాలు ఊరికే వదిలాను. ఆ అయిదు నిమిషాల్లోనే లోపలి చలి బయటికి, బయటి వేడి లోపలికి మెల్లగా పంచుకుంటాయి. ఆ అయిదు నిమిషాలు నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. వంటిల్లంతా నువ్వే. మిరియాలు, ధనియాలు, వేయించిన కొబ్బరి... వెనక్కి తిరిగి చూడలేదు. తిరిగితే ఏముంటుందో, ఏముండదో...

ఎముక దగ్గర చాకు మొన గుచ్చాను. సులువుగా దిగింది, లోపల మంచు లేదు. ఇంక ఆలస్యం చెయ్యకుండా పొయ్యిమీదికి ఎక్కించాను. కడుపుతో ఉన్న పిల్ల, నడుమ దాకా పొగలు రావాలని డాక్టరమ్మ చెప్పింది. పులుసంతా పెద్ద బుడగలతో మరిగేదాకా కలుపుతూనే ఉన్నాను. మాడలేదు జయా. ఒక్క ముక్క కూడా మాడలేదు.

కవితకి వడ్డించాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఉప్పు తక్కువ అంది. బీపీ అని నీకు ఉప్పు తగ్గించారు కదా... ఆ చివరి నెలల్లో నువ్వు వండిందంతా చప్పనే. ఉప్పు తక్కువ అంటూనే గిన్నె ఖాళీ చేసింది. ఎముక కూడా వదల్లేదు. ఇంకో ముద్ద అన్నం అడిగింది.

తరవాత చెయ్యి కడుక్కోకుండానే అడిగింది, అమ్మ ఆ మాట ఎట్ల చెప్పిందో ఇంకొకసారి చెప్పు నాయనా అని. నీ గొంతుతోనే చెప్పాలట. చెప్పాను. మీ అవ్వ చివరి మాట విను అంటూ పొట్టమీద చెయ్యి వేసుకుంది.

ఆ చెయ్యి చూశాక చటుక్కున లేచాను. ఉప్పు పొట్లం తెస్తానని చెప్పి వీధిలోకి వచ్చేశాను. ఇంట్లో ఉప్పు నిండుగా ఉంది.

జీవితంలో ఎన్నో ఆటలు పట్టించాను, ఎవరికీ క్షమాపణ చెప్పలేదు. ఇది నీకొక్కదానికే చెబుతున్నాను. బిడ్డ పుట్టి, కవిత గట్టిపడ్డాక దానికీ చెబుతాను, ఇది మాట.

నువ్వు అలా అనలేదు. నువ్వేమీ అనలేదు. నేను టీ తాగొస్తానని ఆస్పత్రి కిందికి దిగాను, తిరిగి పైకొచ్చేసరికి నర్సు దుప్పటి సర్దుతోంది. చివరి మాట ఉంటే అది ఆ గోడలు విని ఉండాలి, నేను వినలేదు. కవిత అడిగినప్పుడు ఆ అద్దాల పెట్టె గుర్రుమంటూ ఉంది, నా నోటికి ఫ్రీజరు అన్న మాట వచ్చింది. వెనకాలే కోడి వచ్చింది. ఎందుకొచ్చిందో తెలియదు. మన ఫ్రీజరు నేను తెరిచి ఎన్నాళ్ళయిందో, అందులో ఏముందో నాకేం తెలుసు? పదహారో రోజున సెల్వియక్క చేతిలో ఆ డబ్బా చూసినప్పుడు ఆమెకంటే ఎక్కువ బెదిరింది నేను.

లేని మాట చెప్పాను, ఉన్న డబ్బా దొరికింది. అదెలా జయా?

ఏమో. మాట మాత్రం నేను కల్పించిందే. ఒట్టు.

నీ బావ