ఎడమచేతి ఉత్తరం

చెల్లాయికి,

కుడిచెయ్యి పిండికట్టులో ఉంది కనుక ఆశీస్సులు ఎడమచేత్తోనే పంపుతున్నాను. తప్పు పట్టకు.

కంగారు పడకు. మొన్న ఆదివారం అటక మీది పుస్తకాల పెట్టె దింపుదామని స్టూలెక్కాను. పెట్టె దిగింది. నేనూ దిగాను, కాకపోతే స్టూలుతో సహా. మణికట్టు దగ్గర ఎముక విరిగింది. ఆరు వారాలు కట్టు ఉండాలన్నాడు ఎముకల డాక్టరు. నలభై ఏళ్లు అచ్చాఫీసులో సీసపు అక్షరాలు కూర్చిన చెయ్యి ఇది. ఇప్పుడు చొక్కా గుండీ పెట్టుకోలేకపోతోంది.

డాక్టరు చిన్నవాడు, మాటలు పెద్దవి. మందులకన్నా అలవాట్లే ముఖ్యమట. రెండుపూటలా పాలు, రోజుకో గుడ్డు, ఆకుకూర. పొద్దుటెండలో నడక. బయటికున్న వేళ్లని గంటకోసారి ఆడించాలి. పెందలాడే నిద్ర. ఇవన్నీ సరే. అన్నిటికన్నా ముందు పొగ మానాలట. అది ఉన్నంతకాలం ఎముక సరిగ్గా అతకదట. ఇన్నేళ్లు గుండెల్లో పెట్టుకున్నదాన్ని ఉన్నపళంగా వదిలెయ్యమంటే ఎలా చెప్పు?

మీ అన్నయ్య

తా.క.: ఈ సంగతి మీ ఆయనకి చెప్పకు. నవ్వుతాడు.

*

అన్నయ్యకి,

నమస్కారాలు, రెండు చేతులతోనూ.

నీ ఉత్తరం చదవడానికి మూడు రోజులు పట్టింది. ముప్ఫై ఏళ్లు బడిపిల్లల నోటుబుక్కులు దిద్దినదాన్ని కాబట్టి ఆ మాత్రమైనా చదవగలిగాను. చెయ్యి విరిగిందని ఏడ్చాను. చివరికొచ్చేసరికి సంతోషం పట్టలేక మళ్లీ ఏడ్చాను. పగ మానాలన్నాడా! ఆ డాక్టరు నోట్లో పంచదార పొయ్యాలి!

పదకొండేళ్లుగా నేను మీ ఇద్దరినీ బతిమాలుతున్నది అదే కదా. మీ బావ సైకిలు షాపు తెరిచిన రోజు నువ్వు అచ్చేసిన కరపత్రంలో ‘పాత సైకిళ్లను కొత్తవాటిలా చేసి ఇస్తాం’ అని ఉండాల్సింది, ‘కొత్త సైకిళ్లను పాతవాటిలా చేసి ఇస్తాం’ అని పడింది. నిజమే, ఊరంతా నవ్వింది. ఆయన నడివీధిలో “నీకు అక్షరం ముక్క రాదు” అనడం తప్పే. అంతమాత్రానికి మా గడప తొక్కనంటావా?

చిన్నప్పుడు మీ ఇద్దరికీ ఒకటే సైకిలు. ఆయన తొక్కేవారు, నువ్వు ముందు కడ్డీ మీద కూర్చుని దారి పొడుగునా దుకాణాల బోర్డుల్లో తప్పులు ఏరేవాడివి. నేను వెనకాల పరిగెత్తుకొచ్చేదాన్ని. మీరు ఎక్కించుకోలేదన్న కోపం అప్పుడుండేది. ఇప్పుడు తలుచుకుంటే, అలా పరిగెత్తడానికైనా మీ ఇద్దరూ కలిసి కనిపిస్తే చాలనిపిస్తుంది.

నీ చెల్లెలు

తా.క.: చెప్పొద్దన్నావు గానీ ఆయనకి చెప్పేశాను. నవ్వలేదు. పెరట్లోకి వెళ్లి, గాలి నిండుగా ఉన్న సైకిలుకి మళ్లీ గాలి కొట్టారు.

*

చెల్లాయికి,

నీ జవాబు ఇంకా అందలేదు. నా రాత అర్థంకాక ఎవరిచేతనైనా చదివిస్తున్నావేమో.

పాలు తాగుతున్నాను. ఎండలో నడుస్తున్నాను. వీధి చివర బట్టలు ఇస్త్రీ చేసేవాడు నన్ను చూసి గడియారం సరిచేసుకుంటున్నాడు. ఆ మానాల్సినదాన్ని మాత్రం ఒక్కసారిగా మానలేకపోతున్నాను. రోజుకి పదిసార్లుండేది నాలుగుకి దించాను. భోజనమయ్యాక అది లేకపోతే తిన్నట్టే ఉండదు.

నన్నని ఏం లాభం? అసలు నాకిది అంటించిందే మీ ఆయన. బళ్లో చదివే రోజుల్లో, గోడ వెనక్కి తీసుకెళ్లి మరీ మొదలుపెట్టించాడు.

మీ అన్నయ్య

తా.క.: గుండీలు పెట్టుకోవడం వచ్చింది. కాకపోతే చివర్లో ఎప్పుడూ ఒక గుండీ మిగులుతోంది.

*

అన్నయ్యకి,

ఇదేం అన్యాయం! రోజుకి పదిసార్లు పగబట్టేవాడివా? భోజనమయ్యాక కూడానా? నీకు అరిగేదెలా?

నీ రెండో ఉత్తరం ఆయనకి చూపించకుండా ఉండాల్సింది. “నేనా మొదలుపెట్టింది? బళ్లో చదివే రోజుల నుంచీ నా మీద పగ ఉందా వాడికి? ఏ గోడ? ఏం చేశాను?” అని ఇల్లంతా తిరిగారు. ఇవాళ పొద్దున్నే బస్సెక్కేశారు. ఏదో పాత కాయితం మడిచి జేబులో పెట్టుకున్నారు, ఆ కరపత్రమే అయ్యుంటుంది. అన్నయ్యా, నీ చెయ్యి అసలే బాగోలేదు. మాటా మాటా పెంచుకోకు.

నీ చెల్లెలు

తా.క.: వెళ్లేటప్పుడు ఆయన చేతిలో డజను గుడ్లున్నాయి. దెబ్బలాటకి గుడ్లెందుకండీ అంటే, “ఎముకకి మంచివన్నాడుగా” అన్నారు.

*

చెల్లాయికి,

నీ రెండు ఉత్తరాలూ ఒకేరోజు అందాయి. వాటికన్నా ముందు బావ అందాడు.

తలుపు తియ్యగానే గుడ్లు నా ఎడమచేతిలో పెట్టి, “ఏ గోడ వెనకరా?” అన్నాడు.

“సిగరెట్టు తాగించిన గోడ” అన్నాను.

“సిగరెట్టా? పగ కాదూ?”

“పగేమిటి? పొగ!”

నా ఎడమచేతికి ఇంకా ఒత్వం పెట్టడం రాలేదు చెల్లాయీ. నేను ‘పొ’ అనుకున్నది నీకు ‘ప’గా చేరింది. బావ గుమ్మంలోనే కూలబడి కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వాడు. ఆ నవ్వు విని పదకొండేళ్లయింది. నేనూ నవ్వాను. ఒక గుడ్డు పగిలింది.

నవ్వు ఆగాక జేబులోంచి ఆ కాయితం తీశాడు. అది కరపత్రం కాదు. కరపత్రం కోసం బావ స్వయంగా రాసిచ్చిన చిత్తుప్రతి. అచ్చయ్యాక నేనే కరపత్రాల కట్టతోపాటు తిరిగిచ్చానట. అందులో బావ దస్తూరీలో స్పష్టంగా ఉంది: ‘కొత్త సైకిళ్లను పాతవాటిలా.’

“షాపు మూసేసినప్పుడు సొరుగులో దొరికిందిరా. నాలుగేళ్లయింది. నువ్వు ఉన్నదున్నట్టే కూర్చావు. ఏ మొహం పెట్టుకుని వచ్చేది? మీ చెల్లెలికి కూడా చెప్పలేదు” అన్నాడు.

నాకు కోపం రాలేదు. ఒళ్లు తేలికైపోయింది. ఆ కరపత్రం తర్వాత నా కళ్ల మీద నాకే నమ్మకం పోయింది. ఏడాది తిరక్కుండా అచ్చాఫీసు పని మానేశాను. సిరా వాసన, అక్షరాల గళ్లు, పొద్దున్నే వేళ్లకి తగిలే చల్లటి సీసం, అన్నీ నా చేతులారా వదులుకున్నాననుకునేవాణ్ని. నా చెయ్యి తప్పు చెయ్యలేదు చెల్లాయీ.

ఈ మూడు వారాలూ బావే పాలు కాచాడు, గుండీలు పెట్టాడు. సిగరెట్టు పెట్టె కనపడితే నీళ్లబకెట్టులో వేశాడు. వేళ్లాడించడం మర్చిపోతే పక్కన కూర్చుని తన వేళ్లు ఆడించి చూపించాడు. పొద్దున నడకలో బోర్డులు చదువుకుంటూ వెళ్తున్నాం. ఇప్పుడు తప్పులు మరీ ఎక్కువయ్యాయి, ఇంటికొచ్చేసరికి భోజనాల వేళవుతోంది.

నిన్న కట్టు విప్పారు. ఎముక చక్కగా అతుక్కుందనీ, నాలుగు రోజులు వేళ్లకి పని చెబితే పట్టు వస్తుందనీ డాక్టరు అన్నాడు. బావ మొహం వాడిపోయింది. నన్ను బయట కూర్చోమని మళ్లీ లోపలికెళ్లాడు. తలుపు సందులోంచి వినపడింది: “ఇంకో రెండు వారాలు కట్టు ఉంచితే ఏమైనా నష్టమాండీ?”

మీ అన్నయ్య

తా.క.: బావ బట్టలు ఇంకో రెండు జతలు పంపు. పంపడమెందుకులే, నువ్వే పట్టుకురా.