వెలిసిన ఎరుపు

అక్కకు,

తమ్ముడు నమస్కరించి రాసేది. ఇక్కడ అమ్మ క్షేమం, నేను రంగులు కలిపే దుకాణం క్షేమం, మా యజమాని కోపం మరీ క్షేమం. నా సంగతి మాత్రం ఈ వాక్యంలో ఇమడలేదు, కింద విడిగా రాస్తున్నాను. ఫోన్ చేయొచ్చుగా అంటావు. నేను "హలో" అనగానే "ఏం దాస్తున్నావురా?" అనే మనిషివి నువ్వు. అందుకే కాగితం.

నువ్వడిగినవాటికి జవాబులు. అమ్మకి మోకాలి నొప్పి తగ్గింది, సణుగుడు తగ్గలేదు. మన బుడంకాయకి నేను పంపిన బొమ్మల పుస్తకంలో ఏనుగుకి రెండు తోకలుంటే ఆ తప్పు అచ్చు వేసినవాడిది, మేనమామది కాదు.

ఇక అసలు ప్రశ్న. మూడేళ్లుగా ఈ నరాల జబ్బుతో, మల్టిపుల్ స్క్లెరోసిస్‌తో నెగ్గుకొస్తున్నావు. ఇప్పుడు రెండో బిడ్డను కనాలా వద్దా అని నువ్వూ బావా ఆలోచిస్తూ, "ఇది మన రక్తంలో ఉందేమో కనుక్కో. డిగ్రీ చదివినవాడివి, నిజం రాయి" అన్నావు. నేను పోయిన ఉత్తరంలో మహా పండితుడిలా "రక్తంలో ఉంటే మన ఇంట్లో ఇంకొకరికి రావద్దూ? నిశ్చింతగా ఉండు" అని రాసేశాను.

అది అబద్ధం అక్కా. ఆ ఉత్తరం రాసేనాటికి నా స్కానింగ్ రిపోర్టు నా సొరుగులోనే ఉంది.

అంతకు ముందు ఒకరోజు మా దుకాణానికి ఒకావిడ తలుపు చెక్క ముక్క తెచ్చి, అదే ఎరుపు కలిపిమ్మంది. కుడి కన్ను మూసి ఎడమ కంటితో రంగు తేల్చడం నా టెక్కు, నీకు తెలుసుగా. ముక్క వెలిసిపోయినట్టు కనిపించింది. పాపం ఎండకి పోయిందనుకుని, ఆవిడ మేలు కోరి ఎరుపు ఇంకాస్త దట్టించాను. మర్నాడు డబ్బాతో సహా దిగింది.

"ఏమయ్యా, నేనడిగింది ఇంటి తలుపుకి. నువ్వు ఫైరింజనుకి కలిపిచ్చావు!"

"వీడికి కళ్లు నెత్తికెక్కాయమ్మా" అన్నాడు యజమాని.

ఒక్కో కన్నూ మూసి చూశాను. కుడి కంటికి నిఖార్సైన ఎరుపు. ఎడమ కంటికి నీళ్లు కలిపిన ఇటుక పొడి. కన్ను తిప్పితే లోపల నొప్పి. నీకూ మొదట ఇలాగే అయిందని గుర్తొచ్చింది. ఆ పూట టీ కూడా తాగలేదు.

"నాకెలా వస్తుందండీ, మగాణ్ణి కదా?" అని, స్కానింగ్‌లో నాకూ నీ జబ్బేనని తేల్చిన నరాల డాక్టరమ్మతో వాదించాను.

ఆవిడ నవ్వలేదు. "ఆడవాళ్లకి రెండు మూడు రెట్లు ఎక్కువ బాబూ. మగవాళ్లకి రాదని ఎవరన్నారు?"

ఎందుకలా అన్నది ఇంకా పూర్తిగా తేలలేదట. స్టీరాయిడ్లతో నా కన్ను చాలావరకు తేరుకుంది.

నీ ప్రశ్న కూడా ఆవిడనే అడిగాను. ఇది తల్లి నుంచి బిడ్డకి ముక్కూ మొహంలా దిగేది కాదట. ఎన్నో జన్యువులు తలా ఒక చెయ్యి వేయాలి, వాటికి వైరస్సులు, ఎండ తగలకపోవడం, పొగతాగడం లాంటివి తోడవ్వాలి. తల్లికి ఉంటే బిడ్డకి వచ్చే అవకాశం వందలో రెండు మూడు. ఆడపిల్లకి కాస్త ఎక్కువ, మగపిల్లాడికి కాస్త తక్కువ. తోబుట్టువులకీ దాదాపు అంతే. ఆ ఇద్దరు ముగ్గురిలో నేను దర్జాగా కూర్చున్నాను.

"మరి ఇంట్లో ఇద్దరికి వచ్చింది కదండీ?" అన్నాను.

"అవకాశం ఇంకాస్త పెరుగుతుంది. ఎంతని కచ్చితంగా చెప్పలేను. అయినా రానివాళ్లే చాలా ఎక్కువ. మీ అక్కని నాతో మాట్లాడమను."

నీ మేలు కోరి దాచానని చెప్పుకుంటే బాగుండేది. నువ్వు ఏడుస్తావని కూడా కాదు, "నా వల్లే" అంటావేమో, అది వినే ధైర్యం నాకు లేక దాచాను. అమ్మకి నిన్న చెప్పాను. "నా కడుపే..." అని మొదలుపెట్టింది. "పోయిన నాన్నకీ ఇందులో సగం వాటా ఉందమ్మా, పేరంతా నువ్వే కొట్టేయకు" అన్నాను. నవ్వింది. తర్వాత నా తల మీద చెయ్యి వేసింది.

బిడ్డ సంగతి మీరిద్దరూ తేల్చుకోండి. కనమని గానీ వద్దని గానీ నేను అనను. అబద్ధం మీద మాత్రం తేల్చుకోవద్దు.

సోమవారం నుంచి నాకు ఇంజెక్షన్లు. నర్సు రెండుసార్లు చూపించింది. సూది నా చేతికివ్వగానే తిరిగి ఆవిడ చేతికే ఇచ్చేశాను. నీది నువ్వే ఎలా వేసుకుంటున్నావే ఇన్నాళ్లూ? ఈ మూడేళ్లలో వంద జోకులు వేశాను గానీ, ఈ ఒక్క మాట అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. రాయి.

ఇట్లు,
పుట్టుకలోనూ జబ్బులోనూ నీ వెనకే వచ్చిన
తమ్ముడు